బాగుందబ్బా... సరే, ఏం బాగుంది?

మన ఊళ్ళల్లో ఎవరైనా కుర్రాడు కంప్యూటర్ మీద ఒక బీటో, రీమిక్సో, సొంత ట్యూనో చేసి నలుగురికీ వినిపిస్తే వచ్చే జవాబులు రెండే రెండు. ఒకటి: "సూపర్ మామా, కేక". రెండు: "ఏందిరా ఈ డబడబ, తలకాయ నొచ్చాంది, ఆపు". మూడో రకం జవాబు చాలా అరుదు. ఈ టపా ఆ మూడోదాని గురించి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ రెండిట్లో తిట్టు కంటే పొగడ్తే ఎక్కువ చేటు. తిట్టినవాడు కనీసం ఒక పది సెకన్లు విన్నాడని తెలుస్తుంది. "సూపర్" అన్నవాడు విన్నాడో లేదో కూడా తెలీదు. పైగా "సూపర్" తర్వాత సంభాషణ ముందుకు పోదు. "ఏం సూపరు?" అని అడిగితే అడిగినవాడే వెర్రివాడవుతాడు.

ఇదంత పెద్ద సమస్యా అంటారా? హైదరాబాదులోనో చెన్నైలోనో ఉన్నవాళ్ళకి కాకపోవచ్చు. కర్నూలు, కడప వైపు ఉన్నవాళ్ళకి ముమ్మాటికీ పెద్ద సమస్యే. ఎందుకో చెప్తాను.

ఎలక్ట్రానిక్ సంగీతం చెయ్యడానికి ఒకప్పుడు స్టూడియో కావాలి, లక్షల రూపాయల సింథసైజర్లు కావాలి. 1997లో బెల్జియం వాళ్ళు ఫ్రూటీలూప్స్ అని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ వదిలారు. అదే ఇప్పటి ఎఫ్ఎల్ స్టూడియో. 2000లో ఆడాసిటీ వచ్చింది, అది ఉచితం. ఎల్ఎంఎంఎస్ కూడా ఉచితమే. ఇవాళ ఒక పాత లాప్‌టాపు, ఒక జత ఇయర్‌ఫోన్లు ఉంటే ప్రొద్దుటూరులో కూర్చుని పాట చెయ్యొచ్చు, నంద్యాలలో కూర్చుని చెయ్యొచ్చు. చేస్తున్నారు కూడా. వినాయక చవితికీ, జాతరకీ, పెళ్ళి ఊరేగింపుకీ మన వీధుల్లో మోగే డీజే మిక్సులు ఎవరో బొంబాయి వాడు చేసి పంపినవి కావు. పక్క సందులో ఉన్న డిగ్రీ కుర్రాడు రాత్రిళ్ళు కూర్చుని చేసినవే.

అంటే యంత్రం ప్రొద్దుటూరుకి వచ్చేసింది. రానిదేంటంటే, స్టూడియోలో ఆ యంత్రం చుట్టూ ఉండే చెవులు.

ఏ.ఆర్. రెహమాన్‌కీ మన కడపకీ ఉన్న అనుబంధం అందరికీ తెలిసిందే. అమీన్ పీర్ దర్గా ఉరుసుకి ఆయన వచ్చారంటే ఊరంతా అదే మాట. ఆయన 1989లో ఇంటి పెరట్లో పంచతన్ రికార్డ్ ఇన్ కట్టుకున్నాడు, 1992లో రోజా వచ్చింది. ఈ కథని మనవాళ్ళు "ఒంటరిగా కంప్యూటర్ ముందు కూర్చుని ప్రపంచాన్ని గెలిచాడు" అన్నట్టు చెప్పుకుంటారు. కానీ రోజాకి ముందు ఆయన ఏళ్ళ తరబడి వేరేవాళ్ళ దగ్గర కీబోర్డు వాయించాడు. ఇళయరాజా దగ్గరా, మన రాజ్-కోటి దగ్గరా. అలాంటి చోట ప్రతిరోజూ ఎవరో ఒకరు "ఆ బిట్ తీసెయ్", "ఇక్కడ ఖాళీ వదులు", "ఇంకోసారి" అంటూనే ఉంటారు. రోజూ కోడ్ రివ్యూ అన్నమాట! అన్నేళ్ళ రివ్యూ తర్వాత మనిషి సొంత స్టూడియోలో ఒంటరిగా కూర్చున్నా, లోపల ఆ చెవులన్నీ పనిచేస్తూనే ఉంటాయి.

మన కుర్రాడికి ఆ చెవుల్లేవు. మనమే ఉన్నాం. మనమేమో "సూపర్ మామా" అంటున్నాం.

సరే, ఇప్పుడు మన భాషలో మాట్లాడుకుందాం. మీ టీములో టెస్టర్ ఒక బగ్ రాశాడనుకోండి: "అప్లికేషన్ సరిగ్గా పనిచేయట్లేదు". అంతే, ఇంకేం లేదు. మీరేం చేస్తారు? మనసులో నాలుగు అనుకుని, "ఏ స్క్రీను? ఏం నొక్కావు? ఏం రావాలి, ఏం వచ్చింది?" అని తిరిగి పంపుతారు. పదిహేను వందల జీతం పెంచమని అడగడానికి కూడా ఉదాహరణలతో అప్రైజల్ ఫారం నింపే జనం మనం, తమ్ముడి పాట దగ్గరికొచ్చేసరికి "ఏదో తేడాగా ఉందిరా" అంటాం.

పాటకి కూడా బగ్ రిపోర్టులాగే రాయొచ్చు. మూడు సంగతులు చాలు. ఎక్కడ, అంటే ఎన్నో నిమిషం ఎన్నో సెకను. దేంట్లో విన్నావు, అంటే ఫోన్ స్పీకరా, ఇయర్‌ఫోనా, కార్లోనా. ఏమనిపించింది, అంటే బోర్ కొట్టిందా, ఉలిక్కిపడ్డావా, మాట వినపడలేదా. "నిమిషం పది దగ్గర డ్రమ్ములు మొదలయ్యాక గొంతు మునిగిపోయింది, ఫోన్లో విన్నా" అని ఒక్క వాక్యం రాస్తే, అది వంద "సూపర్"ల పెట్టు.

దేంట్లో విన్నావన్నది ఎందుకంత ముఖ్యం? ఫోన్ స్పీకరు గోరంత ఉంటుంది. యాభై, అరవై హెర్ట్జ్ దగ్గర ఉండే బేస్ అందులోంచి దాదాపు రాదు. కుర్రాడు మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎంతో కష్టపడి చేసిన బేస్‌లైన్ మీ ఫోన్లో అసలు లేనే లేదు. మీరు "పాట పలుచగా ఉందిరా" అంటారు. వాడు బేస్ ఇంకా పెంచుతాడు. అదే పాట డీజే బాక్సుల్లో పెడితే కిటికీ అద్దాలు ఊగుతాయి. తప్పెవరిది? ఇద్దరిదీ కాదు, చెప్పాల్సిన ఒక్క ముక్క చెప్పకపోవడం వల్ల వచ్చింది.

ఇంకో ఉచ్చు ఉంది, ఇది ఇంకా గమ్మత్తయింది. రెండు మిక్సులు పక్కపక్కన పెట్టి వినిపిస్తే, కాస్త గట్టిగా మోగేదే "బాగున్నట్టు" అనిపిస్తుంది. సౌండు తక్కువున్నప్పుడు మన చెవికి కింది స్వరాలు సరిగ్గా వినపడవు. పెంచేకొద్దీ బేస్ నిండుగా వినిపిస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గ్రాఫులు గీశారు. కాబట్టి "పాతదానికంటే కొత్త వెర్షన్ బాగుంది" అనేముందు రెండిటి వాల్యూమూ సమానంగా పెట్టండి. పెట్టకపోతే మీరు మెచ్చుకుంటున్నది సంగీతాన్ని కాదు, నాబ్‌ని. కుర్రాళ్ళకి కూడా ఒక మాట: ఎంత గట్టిగా చేసి ఎక్కించినా స్పాటిఫై దాన్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గరికి దించేస్తుంది, యూట్యూబ్ కూడా గట్టివాటిని తగ్గించేస్తుంది. లిమిటర్ పెట్టి పాట పీక పిసికితే చివరికి మిగిలేది పిసికిన పీకే.

అన్నట్టు, "సౌండు తగ్గించు" అనేది సంగీత విమర్శ కాదు. వీధిలో రాత్రి పదకొండింటికి డీజే మోగితే కోపం రావడం న్యాయమే, చట్టం కూడా రాత్రి పది తర్వాత మైకులు వద్దనే అంటుంది. కానీ ఆ కోపాన్ని పాట మీదికి తోసి "డీజే గాళ్ళది సంగీతమా" అనడం వేరు. ఎంత మోగింది అన్నది పెట్టినవాడి తప్పు. ఏం మోగింది అన్నది చేసినవాడి పని. చదువుకున్న మనం ఈ రెండూ కలిపేసి ఆ పిల్లల్ని మొత్తంగా తీసిపారేస్తాం.

ఇప్పుడో చిన్న సంగతి. మా చిన్నాన్న కొడుకు ఒకడు ప్రొద్దుటూరు దగ్గర పల్లెలో ఉంటాడు. చెక్కభజన తాళాల్ని ఫోన్లో రికార్డు చేసి, దానికింద ఎలక్ట్రానిక్ డ్రమ్ములు వేసి నాలుగు నిమిషాల ట్రాక్ చేశాడు. ఫామిలీ గ్రూపులో పెడితే బొటనవేళ్ళు, పూలగుత్తులు, చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. ఒకాయన "గాడ్ బ్లెస్" అన్నాడు. వాడు నాకు ఫోన్ చేసి, "అన్నా, నిజ్జంగా ఎట్లుందో ఒక్కరన్నా చెప్పరేందన్నా" అన్నాడు. నేను నాకు తోచినవి మూడు రాసి పంపాను. చెక్కల చప్పుడు మీద రివర్బ్ ఎక్కువై కలగాపులగం అయింది, డ్రమ్ము బేసూ ఒకేచోట కొట్టుకుంటున్నాయి, మొదటి నలభై సెకన్లు ఏమీ జరగట్లేదు అని. అన్నీ పనికొచ్చే మాటలే అనుకోండి. కానీ అసలు మాట చెప్పింది నేను కాదు.

ఆ ఊళ్ళో భజన నేర్పించే ఒక తాత ఉన్నాడు. వీడు ఇయర్‌ఫోన్లు ఆయన చెవిలో పెట్టి వినిపించాడట. ఆయన పూర్తిగా విని, తీసి చేతికిచ్చి, "అంతా బాగుండాది గానీ బ్బీ, మొదుట్లో ఎట్ల నడిచిందో కడాకు గూడా అట్లే నడచ్చాండాది. భజన యాడన్నా ఇట్లుంటాదా? పోను పోను దుమ్ము లేయాల గదా" అన్నాడట.

అదీ ఫీడ్‌బ్యాక్ అంటే! ఆయనకి బీపీఎం అంటే ఏంటో తెలీదు, ఎఫ్ఎల్ స్టూడియో పేరు వినలేదు. కానీ కంప్యూటర్ సంగీతానికున్న పెద్ద జబ్బుని ఒక్క వాక్యంలో పట్టేశాడు. సాఫ్ట్‌వేరు తెరవగానే ఒక టెంపో అడుగుతుంది. 120 అని కొడితే చివరిదాకా 120. గ్రిడ్డు కదలదు. చెక్కభజన అలా ఉండదు. నెమ్మదిగా మొదలై, అడుగులు పడేకొద్దీ వేగం పెరిగి, చివరికి చూసేవాళ్ళ కాళ్ళు కూడా ఆగవు. తమ్ముడు టెంపోకి ఆటోమేషన్ గీసి, 96 దగ్గర మొదలుపెట్టి చివరికి 132 దాకా తీసుకెళ్ళాడు. ట్రాక్ లేచి కూర్చుంది.

ఇక్కడ నాకర్థమైంది ఇది. "మాకేం సంగీతం తెలుసు, మేమేం చెప్తాం" అని తప్పుకోవడానికి వీల్లేదు. మీకు లోపం పేరు తెలియక్కర్లేదు, మందు తెలియక్కర్లేదు. ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పడం రోగి పని, రోగం పేరు డాక్టరు చూసుకుంటాడు. నిజానికి కాస్త తెలిసినవాళ్ళతోనే ఇబ్బంది. "కంప్రెసర్ రేషియో నాలుగుకి పెట్టు" అని మందు రాసిచ్చేస్తారు, జబ్బేంటో చెప్పకుండా. అది ఆ కుర్రాడి పాట కాస్తా ఈయన పాట అయ్యేదాకా ఆగదు.

విమర్శ అనే పని మన ప్రాంతానికి కొత్తేం కాదు. ప్రొద్దుటూరు అవధానాల ఊరు. గడియారం వేంకట శేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని జంటగా అవధానాలు చేసిన చోటు. అవధానంలో నిషిద్ధాక్షరి అని ఒకటుంటుంది కదా, కవి ఒక అక్షరం చెప్పగానే పృచ్ఛకుడు "తర్వాత ఫలానా అక్షరం రాకూడదు" అంటాడు. కవి వేరే దారి వెతుక్కుంటాడు. మళ్ళీ అడ్డం, మళ్ళీ దారి. చూడ్డానికి కొట్లాటలా ఉంటుంది గానీ చివరికి పద్యం తయారవుతుంది. అడ్డుపెట్టాలంటే పృచ్ఛకుడు కవి ఎటు పోతున్నాడో పసిగట్టాలి, అంటే కవి అంత శ్రద్ధగానూ వినాలి. మనం నేర్చుకోవాల్సింది ఆ శ్రద్ధ. అదే సభలో అప్రస్తుత ప్రసంగి కూడా ఉంటాడు. కవి ధ్యాస చెడగొట్టడానికి సంబంధంలేని ప్రశ్నలు వేయడమే ఆయన ఉద్యోగం. ఎనిమిదిమందిలో ఆయన ఒక్కడే ఉంటే సరదాగా ఉంటుంది. మన వాట్సాప్ గ్రూపుల్లో లెక్క తలకిందులైంది, ఏడుగురు ఆయనలే :-)

ఇంకొకాయన గురించి చెప్పకపోతే కడప మీద ఒట్టు. రాచమల్లు రామచంద్రారెడ్డి, అందరూ రారా అంటారు. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదువు మధ్యలో ఆగిపోయినవాడు, అంటే ఒకరకంగా మన బ్యాచే! కడప నుంచి సంవేదన పత్రిక నడిపాడు. అనువాద సమస్యలు పుస్తకానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. రారా విమర్శ అంటే రచయితలకి వణుకు అని పేరు. ఆయన కటువుగా రాస్తాడన్నది నిజమే. అయితే ఆ కటువుతనం వెనక పని ఉంది. రచనలోంచి వాక్యం తీసి చూపించి, ఇదిగో ఇక్కడ, ఈ మాట, ఇందువల్ల నిలబడదు అంటాడు. ఒప్పుకోకపోతే వాదించడానికి మీకు చోటు ఉంటుంది. "నాకు నచ్చలేదు" అన్నవాడితో వాదించడానికి ఏం ఉంటుంది?

మనవాళ్ళు ఆయన దగ్గర్నుంచి కటువుతనం ఒక్కటే తీసుకుని, ఆధారం చూపించే ఓపిక వదిలేశారు. "నేను ముక్కుసూటి మనిషినబ్బా, ఉన్నదున్నట్టు చెప్తా" అనే ప్రతివాడూ రారా కాలేడు. ఉన్నదేంటో ముందు విని ఉండాలి కదా.

మరి కొత్తగా నేర్చుకునే కుర్రాడితో కూడా అంత కటువుగా ఉండాలా అంటే, అక్కర్లేదనే అంటాను. రారా విమర్శించింది అచ్చులో వచ్చిన రచనల్ని. మొదటి ట్రాక్ చేసిన పంతొమ్మిదేళ్ళవాడిది ఇంకా చిత్తుప్రతి. అందుకే ముందు ఒక ప్రశ్న అడగాలి: "ఇది అయిపోయిందా, ఇంకా చేస్తున్నావా?" అయిపోయి రేపు జాతరలో మోగబోతుంటే "మొత్తం అమరిక మార్చు" అనడం వల్ల ఉపయోగం లేదు. ఇంకా చేస్తుంటే చిన్నచిన్న మెరుగులు చెప్పడం దండగ, ముందు పెద్ద విషయాలే చెప్పాలి. రిలీజు ముందురోజు డిజైన్ రివ్యూ పెట్టే మేనేజర్ని మనం ఎంత తిట్టుకుంటామో గుర్తుతెచ్చుకోండి. అలాగే బాగున్నది కూడా చోటు చూపించి చెప్పాలి. "రెండో నిమిషంలో డ్రమ్ములన్నీ ఆపి చెక్కలొక్కటే వదిలావు చూడు, అక్కడ ఒళ్ళు జలదరించింది" అంటే వాడికి ఏది కాపాడుకోవాలో తెలుస్తుంది. లేకపోతే సరిదిద్దే హడావిడిలో బాగున్నదాన్నే ముందు తీసేస్తాడు. ఇది నేను కోడ్‌లో కూడా చూశాను.

ఇక తీసుకునేవాళ్ళకి నాలుగు మాటలు. బాధ్యత ఒకవైపే ఉంటే న్యాయం కాదు.

వినిపించేటప్పుడు "ఎట్లుంది?" అని అడగొద్దు. "సూపర్" అనే జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. "ఎక్కడ బోర్ కొట్టింది?", "గొంతు మాటలు అర్థమైనాయా?" అని అడగండి. ప్రశ్న సూటిగా ఉంటే జవాబు కూడా సూటిగా వస్తుంది.

చెప్తున్నప్పుడు అడ్డం పడి వివరించొద్దు. "అది కావాలనే అట్ల పెట్టినా అన్నా" అంటే సంభాషణ అయిపోతుంది. మీరు కావాలని పెట్టింది వినేవాడికి పొరపాటులా వినపడిందంటే అదే మీకు కావాల్సిన సమాచారం. రాసుకోండి, మూడ్రోజులు ఆగండి, అప్పుడు మళ్ళీ వినండి. ఈలోపు పాత వెర్షన్ చెరిపెయ్యొద్దు, ఇది మనకి వేరే చెప్పాలా!

ఒక్కరు చెప్తే విని ఊరుకోండి. ఒకరికొకరు సంబంధంలేని ముగ్గురు ఒకే చోట వేలు పెడితే అక్కడ ఏదో ఉంది. వాళ్ళు చెప్పే మందులు మూడూ వేరువేరుగా ఉండొచ్చు, మూడూ తప్పే కావొచ్చు. చోటు మాత్రం నిజం.

చివరిది, అన్నీ ఒప్పుకోవాల్సిన పని లేదు. పాట మీది. అభిరుచి వేరు, లోపం వేరు. "నాకు టెక్నో నచ్చదు" అన్నది అభిరుచి, నవ్వి వదిలెయ్యండి. "సౌండు పగులుతోంది" అన్నది లోపం, ఇంటికెళ్ళి మీటర్ చూడండి.

ఇదంతా ఎందుకింత పట్టుబట్టి చెప్తున్నానంటే, చరణ్‌జిత్ సింగ్ కథ గుర్తొస్తుంది. బొంబాయిలో హిందీ సినిమాలకి వాయించే ఆయన, 1982లో రోలాండ్ యంత్రాలు పెట్టుకుని పది రాగాల్ని డిస్కో తాళం మీద రికార్డు చేసి ఆల్బమ్ తెచ్చాడు. ఎవరూ పట్టించుకోలేదు. తిట్టనూ లేదు, పొగడనూ లేదు. ఆయన మళ్ళీ తన పని తను చూసుకున్నాడు. 1987లో షికాగో నుంచి అదే టీబీ-303 యంత్రంతో యాసిడ్ హౌస్ అనే కొత్త సంగీతం వచ్చిందని ప్రపంచమంతా ఊగిపోయింది. 2010లో ఒక డచ్ లేబుల్ వాళ్ళు సింగ్ గారి ఆల్బమ్ మళ్ళీ వేసేదాకా మన దేశంలో ఇలాంటిదొకటి ఐదేళ్ళ ముందే జరిగిందని పెద్దగా ఎవరికీ తెలీదు. ఆయన 2015లో పోయారు. 1982లో నలుగురు కూర్చుని విని, "ఈ రాగం దగ్గర ఏదో కొత్తగా ఉంది, ఇంకా చెయ్యి" అని ఉంటే రెండో ఆల్బమ్ ఎలా ఉండేదో మనకి ఎప్పటికీ తెలీదు.

మన చెక్కభజన, ఉరుములు, పండరి భజన, దర్గాలో ఖవ్వాలీ, ఇవన్నీ వింటూ పెరిగిన పిల్లల చేతికి ఇప్పుడు యంత్రం అందింది. వాళ్ళు చేసేదాంట్లో వందకి తొంభై చెత్తే కావొచ్చు, మనం రాసే మొదటి ప్రోగ్రాములు అంతకంటే గొప్పవేం కాదు. కానీ ఆ పిల్లలు రెండేళ్ళలో డిగ్రీ అయిపోయి బెంగళూరు బస్సెక్కుతారు, మనం ఎక్కినట్టే. ఈలోపు ఎవరైనా ఒక్కరు నిజంగా విని చెప్తే రెండో ట్రాక్ వస్తుంది, మూడోది వస్తుంది. లేకపోతే లాప్‌టాపులో ఒక ఫోల్డరు మిగులుతుంది.

కాబట్టి ఈసారి మీ తమ్ముడో, మేనల్లుడో, ఊళ్ళో పక్కింటి కుర్రాడో ఫైలు పంపితే బొటనవేలు పంపకండి. క్యాబ్‌లో ఆఫీసుకెళ్ళే నలభై నిమిషాల్లో రెండుసార్లు వినండి. మూడు వాక్యాలు రాయండి: ఒకటి ఎక్కడ బాగుందో, ఒకటి ఎక్కడ జారిందో, ఒకటి దేంట్లో విన్నారో. ఎనిమిది నిమిషాల వినికిడి, రెండు నిమిషాల టైపింగు. మన స్టాండప్ మీటింగు కంటే తక్కువే!